మనిషి చెప్పుకునేది, మనసు దాచుకునేది

ఉద్యోగ ప్రయత్నానికి వెళ్ళిన కుమారుడు తిరిగివచ్చి, "రాతపరీక్షలో నెగ్గాను, వ్యక్తిత్వ పరీక్షలో తప్పాను" అని చెబితే ఇంటిల్లిపాదీ కలవరపడతారు. లెక్కలు తప్పితే మళ్ళీ నేర్చుకోవచ్చు. వ్యక్తిత్వమే తప్పిందంటే ఏం చేయాలి? బాధపడే ముందు ఆ పరీక్షలు దేనిని కొలుస్తాయో తెలుసుకోవడం మంచిది.

ఇవి ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది ప్రశ్నావళి. "చేపట్టిన పనిని మధ్యలో వదలను" వంటి వాక్యాలిచ్చి, అవి తనకు ఎంతవరకు వర్తిస్తాయో అంకెల్లో తెలుపమంటారు. మనిషి తన గురించి తాను ఏమనుకుంటున్నాడో దీనివల్ల తెలుస్తుంది. కాని ఉద్యోగం కోరి వచ్చినవాడు తాను సోమరినని రాసుకుంటాడా?

రెండవది పరోక్ష పద్ధతి. 1930వ దశకంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గాన్ దీనిని రూపొందించారు. భావం స్పష్టంగా లేని చిత్రాన్ని చూపి కథ రాయమంటారు. బల్ల ముందు కూర్చున్న వ్యక్తిని చూసి ఒకరు, అతడు కొత్త యంత్రం గురించి ఆలోచిస్తున్నాడని రాస్తారు. మరొకరు దూరాన ఉన్న భార్యాబిడ్డలను తలచుకుంటున్నాడంటారు. ఇంకొకరు నలుగురినీ తన మాట వినేలా చేయడమెలాగని యోచిస్తున్నాడంటారు. సాధన, సాన్నిహిత్యం, అధికారం అనే మూడు కాంక్షలు ఈ కథల్లో రచయితకు తెలియకుండానే వ్యక్తమవుతాయని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెల్లాండ్ భావించారు.

ఈ రెండు కొలతలూ తరచు ఒకదానితో ఒకటి పొసగవు. 1989లో సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో ఆయన దీనికి కారణం వివరించారు. మనిషి ఎరిగి చెప్పేది అప్పటికప్పుడు చేసే ఎంపికలను సూచిస్తుంది. అంతరంగంలోని ప్రేరణ దీర్ఘకాలపు నడవడిని సూచిస్తుంది. కనుక రెండూ అబద్ధాలు కావు. అయితే కథలకు వేసే మార్కులు ఎంతవరకు నమ్మదగినవనే విషయంపై శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నాయి.

ఈ పరిశోధనకు మన కాకినాడతోనూ సంబంధముంది. 1964లో మెక్‌క్లెల్లాండ్ బృందం హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి అక్కడి వ్యాపారులకు శిక్షణ నిచ్చింది. వారు కథలు రాశారు, తమ కథలను తామే పరిశీలించుకున్నారు, సాధ్యమైన లక్ష్యాలను నిర్ణయించుకున్నారు. శిక్షణ పొందనివారితో పోలిస్తే వీరిలో కొత్త పెట్టుబడులు, ఉపాధి కల్పన ఎక్కువగా కనిపించాయి. ఈ వివరాలు 1969లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

కాకినాడలో ఆ కథలు మనిషిని తోసిపుచ్చడానికి కాక, అతడు తనను తాను తెలుసుకోవడానికి ఉపకరించాయి. యజమానులు గమనించవలసింది ఇదే. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పక, చేయించిన పనిని, ముఖాముఖిని, పూర్వానుభవాన్ని కూడా చూడాలి. తల్లిదండ్రులు సైతం ఆ మార్కును బిడ్డ గుణానికి కట్టిన వెలగా భావించరాదు. "నీకు ఏ పనిలో అలసట తెలియదు?" అని ఆప్యాయంగా అడిగి చూడండి. అతడి తర్వాతి ప్రయత్నానికి అక్కడ దారి దొరకవచ్చు.