మండిలో లెక్క, నోటుబుక్కులో లెక్క

హైదరాబాద్‌లోని మాదన్నపేట మండి లాంటి కూరగాయల మార్కెట్‌లో బడి విడిచాక అమ్మ పక్కన కూర్చునే పిల్లవాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. కిలో నలభై చొప్పున ముప్పావు కిలో టమాటా, కిలో ఎనభై చొప్పున పావు కిలో పచ్చిమిర్చి తీసుకుని వంద నోటు ఇస్తే, సంచీ అందించేలోపే యాభై చేతిలో పెడతాడు. వేళ్లు కూడా మడవడు. వాడే తరగతిలో 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాయొచ్చు. దాని మీద ఇంటూ పడుతుంది. ‘వీడికి లెక్కలు రావు’ అన్న ముద్రా పడుతుంది.

ఆ 35ను కాస్త నిదానంగా చూడండి. 2లోంచి 7 పోదు కనక తిరగేసి 7లోంచి 2 తీశాడు, 5. పదుల్లో 5లోంచి 2 పోతే 3. అంటే గుడ్డిగా రాయలేదు, ఎప్పుడూ పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలనుకున్నాడు. 63లోంచి 21 అడిగితే ఒప్పే రాస్తాడు, 42. 41లోంచి 18 అడిగితే మాత్రం 37 అంటాడు. ఈ మూడూ పక్కపక్కన పెడితే చిక్కు ‘అప్పు తెచ్చుకోవడం’ దగ్గరుందని తేలిపోతుంది. మార్కు ఈ సంగతి చెప్పదు. బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు 1978లో ఇలాంటి తప్పులను కంప్యూటర్ ప్రోగ్రాముల్లో దొర్లే ‘బగ్’లతో పోల్చారు.

మండికీ బడికీ మధ్య ఇంత దూరం నిజంగా ఉందా? ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను, 471 మంది బడి పిల్లలను పరీక్షించింది. ఫలితాలు 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. బేరంలో తడుముకోని పిల్లలు అదే లెక్కను కాగితం మీద అంకెల్లో ఇస్తే తడబడ్డారు. తమాషా ఏమిటంటే బడి పిల్లలది దీనికి తలకిందులు: మార్కెట్ పిల్లల్లో మూడో వంతు కంటే ఎక్కువమంది నోటితో తేల్చిన ఒక బేరం లెక్కను బడి పిల్లల్లో చేయగలిగింది ఒక్క శాతమే.

ఈ తేడా మార్కుల్లో కనిపించదు, పిల్లల పక్కన కూర్చుని చూడాలి. ఆ పద్ధతి మనకు కొత్త కాదు. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ‘అసర్’ సర్వేలో ఇంటికే వెళ్లి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అక్షరం, పదం, పేరా, కథ చదివిస్తారు. పేరా దగ్గర ఆగిపోతే కిందికి దిగుతారు, గడగడా చదివితే కథ ఇస్తారు. అది పల్లెల సర్వే, మాదన్నపేట అందులో పడదు. అయినా ఆ కిందికీ పైకీ జరపడం ఏ టీచరైనా అరువు తెచ్చుకోవచ్చు.

మాదన్నపేట లాంటి చోట ఇంకో మెలిక ఉంది. ఇంట్లో ఉర్దూ, బేరంలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అయినప్పుడు రాత లెక్క తప్పితే తప్పింది లెక్కో భాషో తెలీదు. అందుకే పిల్లవాడు బేరమాడే భాషలోనే, నోటితో అడిగి చూడాలి: యాభై రెండు రూపాయలున్నాయి, ఇరవయ్యేడు ఇచ్చేశావు, ఎంత మిగిలింది? ఇరవయ్యేడుకు మూడు వేసి ముప్పై, ఇరవై వేసి యాభై, మీద రెండు, మొత్తం ఇరవై అయిదు అంటాడేమో వినండి. అందులో అప్పు ఊసే లేదు. తీసివేతను కూడికతో తేల్చేశాడు.