చేపల డబ్బు ఏ పద్దులో? షేర్ల డబ్బు ఏ పద్దులో?

కైకలూరు చుట్టుపక్కల ఏ రైతు ఇంటి బ్యాంకు పాస్‌బుక్‌ తెరిచినా ఒక్క రకం డబ్బు ఉండదు. చెరువు పట్టుబడి సొమ్ము, రెండెకరాల వరి డబ్బు, లీజు, ఎఫ్‌డీ వడ్డీ... ఈమధ్య వీటికి కాలేజీ పిల్లల డీమ్యాట్‌ లావాదేవీలూ తోడయ్యాయి. బ్యాంకుకు అన్నీ జమలే. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం దేని పద్దు దానిదే. జీతం, ఇంటి ఆస్తి, వ్యాపారం లేదా వృత్తి, క్యాపిటల్‌ గెయిన్స్‌, ఇతర వనరులు.. మొత్తం అయిదు. బీకాం విద్యార్థులు వీటిని గడగడా చెప్పేస్తారు. ఓ స్టేట్‌మెంట్‌ చేతికిచ్చి విడదీయమంటేనే చిక్కు.

సాగే కానీ వ్యవసాయం కాదు

మన వాడుకలో వరీ సాగే, చేపలూ సాగే. అందుకే ‘వ్యవసాయానికి పన్ను లేదు కదా’ అని చేపల ఆదాయాన్నీ ఆ గడిలోనే రాసేస్తుంటారు. చట్టం దృష్టి వేరు. రాజా బినోయ్‌ కుమార్‌ సహస్‌ రాయ్‌ కేసులో 1957లో సుప్రీంకోర్టు ఓ గీత గీసింది. దున్నడం, విత్తడం, నాటడం లాంటి ప్రాథమిక పనులు నేల మీద జరిగితేనే అది వ్యవసాయం. శీలావతి, బొచ్చె పిల్లల్ని నీళ్లలో వదిలి మేత వేసి పెంచడం ఇందులోకి రాదు. అది వ్యాపార ఆదాయం. మేత, పిల్ల, కరెంటు, కూలీల ఖర్చులు తీసేశాక మిగిలిందే లాభం. బిల్లులు దాచుకోకపోతే ఆ ఖర్చు చూపించడం కష్టం.

చెరువును లీజుకిచ్చి ఊరికే కూర్చున్న యజమానిది వ్యాపారం కాదు. అతడి కౌలు సాధారణంగా ‘ఇతర వనరుల’ కిందికి వస్తుంది. అదే భూమిని వరికి కౌలుకిస్తే వ్యవసాయ ఆదాయం!

భూమి అమ్మితే మరో లెక్క. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం ప్రకారం క్యాపిటల్‌ అసెట్‌ కాదు, కాబట్టి దాని మీద ఈ పన్ను లేదు. అయితే ఏలూరు లాంటి లక్ష నుంచి 10 లక్షల జనాభా ఉన్న పట్టణం హద్దు నుంచి 6 కిలోమీటర్ల లోపు ఉంటే గ్రామీణం కింద లెక్కించరు. ఆ దూరం రోడ్డు మీద కొలిచేది కాదు, సరళరేఖలో కొలిచేది. రికార్డులో పల్లం అని ఉండి, అమ్మేనాటికి చేపల చెరువైన భూమికి ప్రశ్నలు తప్పవు. అలాంటివి ఆడిటర్‌తో మాట్లాడాకే రాయాలి.

మీ డీమ్యాట్‌ సంగతి

నాన్న ఇచ్చిన డబ్బుతో షేర్లు కొన్నారనుకుందాం. తండ్రి ఇచ్చిన కానుకకు పన్ను లేదు. మీకు 18 దాటితే దాని మీద లాభం మీదే, నాన్న ఆదాయంలో కలపరు. లిస్టెడ్‌ షేర్లు 12 నెలలు దాటి అమ్మితే దీర్ఘకాలిక లాభం: ఏడాదికి రూ.1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అంతకుముందే అమ్మితే స్వల్పకాలికం, 20 శాతం. 2024 జులై 23 నుంచి ఇవీ రేట్లు. డివిడెండు, ఎఫ్‌డీ వడ్డీ ‘ఇతర వనరులు’. ఇక ఇంట్రాడే క్యాపిటల్‌ గెయిన్సే కాదు, స్పెక్యులేటివ్‌ వ్యాపారం. ఎఫ్‌ అండ్‌ ఓ కూడా వ్యాపారమే, కానీ స్పెక్యులేటివ్‌ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఉదాహరణకు అయిదు నెలలు ఉంచుకున్న షేర్లలో రూ.18,000 లాభం, ఇంట్రాడేలో రూ.22,000 నష్టం వచ్చాయి. ‘మొత్తమ్మీద నష్టమే కదా, ఇంక పన్నేంటి?’ అనిపిస్తుంది. కుదరదు. ఇంట్రాడే నష్టాన్ని ఇంట్రాడే లాంటి స్పెక్యులేటివ్‌ లాభంలోంచే తీసేయాలి. గడువులోగా రిటర్ను వేస్తే నాలుగేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు, లేదంటే అదీ పోయినట్టే.

అదే ఏడాది రూ.8 లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చిందా? కొత్త విధానంలో 2025-26 నుంచి రూ.12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కాబట్టి జీతం మీద పన్ను సున్నా. కానీ ఆ రిబేటు స్వల్పకాలిక షేర్ల లాభానికి వర్తించదు. రూ.18,000 మీద 20 శాతం రూ.3,600, నాలుగు శాతం సెస్సుతో రూ.3,744 కట్టాల్సిందే. జీతమే లేని విద్యార్థికైతే రూ.4 లక్షల ప్రాథమిక మినహాయింపులో ఈ లాభం కలిసిపోతుంది. మొదటి ఉద్యోగం ఏడాదిలో నోటీసు చూసి కంగారుపడేది ఇందుకే.

ఫారమూ మారుతుంది. జీతం, వడ్డీ ఉంటే ఐటీఆర్‌-1 చాలు. స్వల్పకాలిక లాభం ఉంటే ఐటీఆర్‌-2. ఇంట్రాడే ఒక్కరోజు చేసినా ఐటీఆర్‌-3.

పని ఎక్కడుంది?

పోర్టల్‌లో ఏఐఎస్‌ తెరిస్తే వడ్డీ, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు ముందే కనిపిస్తాయి. అందుకని పన్ను కొలువులు పోతాయన్నది సగమే నిజం. డేటా ఎంట్రీ పని తగ్గుతుంది. ఆ చెరువు డబ్బు లీజా, వ్యాపారమా అన్నది ఏఐఎస్‌ చెప్పదు. ఏలూరు, భీమవరం ఆడిట్‌ ఆఫీసుల్లో చేరాలన్నా, సీఏ ఇంటర్‌ తర్వాత రెండేళ్ల ఆర్టికల్స్‌ చేయాలన్నా, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌ రాసి ఇన్‌కమ్‌ట్యాక్స్‌ ఇన్‌స్పెక్టర్‌ కావాలన్నా పనికొచ్చేది ఈ విడదీసే నేర్పే. సాధనకు వేరే పుస్తకం అక్కర్లేదు. ఇంట్లో పాస్‌బుక్‌, మీ బ్రోకర్‌ ఇచ్చే ట్యాక్స్‌ రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని, ప్రతి జమ ఎదురుగా పెన్సిల్‌తో పద్దు పేరు రాయండి. రాయలేక ఆగిపోయిన వాటిని వేరే కాగితం మీద ఎక్కించి ఆడిటర్‌ గారి దగ్గరకు తీసుకెళ్లండి.