జవాబు పైపులో ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: సి భాషలో చిన్న లెక్కల ప్రోగ్రాము రాశాను. టెర్మినల్‌లో అంకెలు కొడితే వెంటనే జవాబిస్తుంది. అదే పైథాన్ స్క్రిప్టుతో అడిగిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఎందుకు?

జవాబు: ప్రోగ్రాము లెక్క చేసేసే ఉంటుందండీ. జవాబే ఇంకా బయలుదేరలేదు.

షేర్ ఆటో ఎక్కే ఉంటారు. ఒక్కరికోసం కదలదు, నిండాలి. ప్రింట్‌ఎఫ్‌తో రాసిన అక్షరాలూ నేరుగా బయటికి పోవు. బఫర్ అనే నిల్వచోట్లో కూర్చుంటాయి. ప్రతి అక్షరానికీ కెర్నెల్‌ను పిలిస్తే పని నెమ్మదిస్తుంది కనుక ఈ ఏర్పాటు. అవతల టెర్మినల్ ఉంటే ఎవరో చూస్తున్నారని లెక్క, ఒక్కో వరుస పూర్తికాగానే వెళ్లిపోతుంది. మీ స్క్రిప్టు జవాబు అందుకునే పైపు ఉంటే మాత్రం బఫర్ నిండాల్సిందే. లినక్స్‌లో అది సాధారణంగా 4096 బైట్లు. మీ జవాబు 42 అనుకుంటే, కొత్త వరుస గుర్తుతో కలిపి 3 బైట్లే!

అలాంటివి 1300కు పైగా పోగైతే తప్ప ఆటో కదలదు. మీ స్క్రిప్టేమో మొదటి జవాబు అందితేగాని రెండో ప్రశ్న వెయ్యనని కూర్చుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోయారు. దీన్నే డెడ్‌లాక్ అంటారు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు కాబట్టి ఎర్రర్ ఏదీ కనబడదు. మనిషిని విసిగించేది అదే.

ముందు మీ వైపు చూసుకోండి. స్క్రిప్టు పంపే ప్రశ్నా బఫర్‌లో ఆగవచ్చు. చివర కొత్త వరుస గుర్తు పెట్టి ఫ్లష్ చెయ్యండి. అప్పటికీ జవాబు రాకపోతే, స్క్రిప్టు నుంచి ఇన్‌పుట్ పైపు మూసేసి చూడండి. ఇక ప్రశ్నలు లేవని ప్రోగ్రాము ముగుస్తుంది, పోతూ పోతూ బఫర్ దులిపేస్తుంది. అప్పుడు జవాబు ఊడిపడిందా, దోషం బఫర్‌దే.

ప్రోగ్రాము మీదే గనుక ప్రింట్‌ఎఫ్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ పిలిస్తే చాలు. సోర్సు చేతిలో లేనప్పుడు ఎస్‌టీడీబఫ్ కమాండ్‌తో వరుసవారీగా పంపమనవచ్చు, కానీ బఫర్‌ను తామే సర్దుకునే ప్రోగ్రాములు దాని మాట వినవు. వాటికి పీఎక్స్‌పెక్ట్ లైబ్రరీ ఉంది. పైపు బదులు ఉత్తుత్తి టెర్మినల్ ఒకటి చూపిస్తుంది, ప్రోగ్రాము నమ్మేస్తుంది. అయితే టెర్మినల్ కదా, మీరు పంపిన ప్రశ్న కూడా ఎకో అయి జవాబుకు ముందు తిరిగొస్తుంది. మొదటి వరుస చూసి లెక్క తప్పిందనుకునేరు!