పిండివంట వేషములో బిస్కత్తు

పగటివేషగాడు దొరవేషము కట్టి వాకిట నిలిచినప్పుడు మనకు కలుగు సంతోషమునకు కారణమేమి? అతడు దొర కాడని అందరికిని తెలియును. అయినను అచ్చముగ దొరవలెనే కనబడును. ఒక తినుబండారము మరియొక తినుబండారపు రూపమును దాల్చినప్పుడు కలుగు వేడుకయు ఇట్టిదే.

ఈ విద్య మనకు కొత్తది కాదు. సముద్రమునకు దూరముగ నున్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల ఇండ్లలో సైతము గవ్వలు చేయుదురు. చిన్న పిండియుండను గాట్లున్న చెక్కపై బొటనవ్రేలితో నొక్కి జరిపిన, అది చుట్టుకొని గవ్వ యగును. ఈ రూపము కంటికింపుగ నుండుటయే కాదు, పనికివచ్చునది కూడ. లోపల బోలుగ నుండుటచే పిండి చక్కగ వేగును. చారలలో బెల్లపుపాకము నిలుచును. ఇటలీ దేశపు సిసిలీ ద్వీపములో బాదముపిండి, చక్కెరలతో పండ్లను పోలిన మిఠాయిలు చేయుటయు ఇట్టి విద్యయే.

ఇక బిస్కత్తుకు గరిజ వేషమో, అరిసె వేషమో, జిలేబి వేషమో వేయవలెనన్న మొదట తెలియవలసినది పిండి స్వభావము. గరిజ నూనెలో వేగును. బిస్కత్తు పొయ్యి సెగలో కాలును. వెన్న కరగినకొలది పిండి ప్రక్కలకు పరచుకొని, మనము దిద్దిన అంచులు చెరిగిపోవును. కావున తూకమునకు మైదా మూడు పాళ్ళు, వెన్న రెండు పాళ్ళు, చక్కెరపొడి ఒక పాలు తీసికొనవలెను. పొంగజేయు సోడా అక్కరలేదు. పిండిని చపాతీపిండివలె మర్దింపరాదు. మర్దించినకొలది సాగుడుగుణము పెరిగి బిస్కత్తు గట్టిపడును. బియ్యపు మిల్లులకు పేరొందిన మిర్యాలగూడవారికి మరియొక ఉపాయము అందుబాటులోనే కలదు: మైదాలో ఆరవ వంతు తీసివేసి బదులు బియ్యపుపిండి చేర్చినచో, అందు ఆ సాగుడుగుణము లేదు కావున, బిస్కత్తు గుల్లగ విరుగును.

రూపము దిద్దిన పిమ్మట అరగంటసేపు చల్లని పెట్టెలో ఉంచి, 160 నుండి 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, అంచులు లేతగ ఎర్రబడువరకు కాల్చవలెను. అర్ధచంద్రాకారముగ కోసి అంచున చిన్న మడతలు నొక్కిన గరిజ. చక్కెరకు బదులు మెత్తని బెల్లపుపొడి కలిపి గుండ్రముగ కోసి పైన నువ్వులద్దిన అరిసె. జిలేబికి మాత్రము గుండ్రని బిస్కత్తును కాల్చి, పూర్తిగ చల్లారిన పిదప, చక్కెరపొడిలో కొద్దిపాటి పాలు కలిపిన చిక్కని పూతను కాగితపు పొట్లపు కొననుండి చుట్లు చుట్లుగ పిండవలెను. వేడిమీద పిండినచో పూత కరగి జారిపోవును.

రంగు విషయములో జాగ్రత్త మిక్కిలి అవసరము. పసుపునకు సున్నము తగిలిన ఎర్రని పారాణి యగుట మన గృహిణులు ఎరిగినదే. సోడా కలిసిన పిండిలోను పసుపు అట్లే ఎర్రబారును. కావున దానిని పూతలోనే కలిపి, రెండు చుక్కల నిమ్మరసము చేర్చవలెను. బీటుదుంప రసపు ఎరుపు పొయ్యి వేడికి కందిపోవును. దానికిని పూతయే తగిన చోటు. ఈ రెండును చిటికెడు, చుక్కెడుగ కలిపిన జిలేబి వన్నె వచ్చును.

ఇంతకంటె మెరుపు కావలెనని అంగడిలో దొరకిన ఏ రంగుపొడినైనను వాడుట ప్రమాదము. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము పీచుమిఠాయి అమ్మకమును నిషేధించినది. బట్టలకు వేయు రోడమిన్-బి అను రంగు నమూనాలలో బయటపడుటయే అందులకు కారణము. మన దేశమున 2011 నాటి ఆహార నిబంధనలు అనుమతించిన కృత్రిమ వర్ణములు ఎనిమిది మాత్రమే. వానికిని పరిమితి విధించిరి. ముచ్చటైన రంగులకు మొదట చేయి చాచునది పసిబిడ్డయే గదా!

మరియొక మాట. గరిజలో కొబ్బరి యుండునని అనుకొని కొరికినవారికి అది లేకపోవుట నవ్వు పుట్టించును. కాని వేరుసెనగయో బాదమో పడనివారికి అది కలిసినదని చెప్పకపోవుట నవ్వులాట కాదు. కంటిని ఏమరించుట వేడుక. కడుపును ఏమరించుట మోసము. పళ్ళెము ముందుంచినప్పుడే అందేమేమి కలిసినదో చెప్పినచో వేషపు సొంపు ఏమియు తగ్గదు. పగటివేషగానిని ఎరిగియే గదా మనము మెచ్చుకొందుము!