విడదీసే కయాక్

విడదీసే కయాక్ అనగా రెండు లేక అంతకంటే ఎక్కువ భాగాలుగా విడదీసి, తిరిగి బిగించుకొనుటకు వీలుగా తయారుచేసిన సన్నని చిన్న పడవ. దీనిని కూర్చున్న మనిషి రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుతాడు. మామూలు కయాక్ మూడు నుంచి ఐదు మీటర్ల పొడవుండుట వలన దానిని ఇంట్లో దాచుకొనుట, నీటి వరకు చేర్చుట కష్టము. ఈ ఇబ్బందిని తొలగించుటకే విడదీసే కయాక్ పుట్టినది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలో నీరు ఊరికి దూరంగా జలాశయాలలో ఉంటుంది. ఇళ్ళు ఇరుకైన వీధులలో ఉంటాయి. కనుక ఇటువంటి ప్రాంతానికి ఈ రకపు పడవ ఎంతవరకు పనికివచ్చునో, ఎక్కడ పనికిరాదో తెలుసుకొనుట ఉపయోగకరము.

చరిత్ర

కయాక్ ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్, యూపిక్, అల్యూట్ జాతుల సృష్టి. చెట్లు లేని ఆ సీమలో నీటికి కొట్టుకువచ్చిన కొయ్య, తిమింగలపు ఎముకలతో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మాన్ని కుట్టి బిగించేవారు. వేట కోసం నిశ్శబ్దంగా, వేగంగా సాగుట దీని లక్ష్యం.

దీనిని మడిచి మోసుకుపోవచ్చునన్న ఆలోచన జర్మనీలో రూపు దిద్దుకొన్నది. 1905లో ఆల్ఫ్రెడ్ హ్యూరిష్ అనే వాస్తుశిల్ప విద్యార్థి చెక్క చట్రం, గుడ్డ తొడుగు గల మడత కయాక్‌ను తయారుచేసి మ్యూనిక్ దగ్గరి ఇసార్ నదిలో నడిపాడు. రోజెన్‌హైమ్ పట్టణపు దర్జీ యోహాన్ క్లెపర్ ఆ నమూనా హక్కులు పొంది 1907లో ఉత్పత్తి ప్రారంభించాడు. పడవను సంచిలో పెట్టుకొని రైలెక్కి, నది దగ్గర దిగి, కట్టుకొని విహరించుట అక్కడి పట్టణవాసులకు ఇష్టమైన కాలక్షేపమైనది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మడత కయాక్‌లకు ప్రత్యేకంగా 10,000 మీటర్ల పోటీలు జరిగాయి.

ఈ పడవలు సాహసయాత్రలకు కూడా ఉపయోగపడ్డాయి. ఓస్కార్ స్పెక్ అనే జర్మన్ 1932లో ఉల్మ్ పట్టణం వద్ద డాన్యూబ్ నదిలో మడత కయాక్‌తో బయలుదేరి, భారతదేశపు తీరాన్ని కూడా దాటుకుంటూ 1939లో ఆస్ట్రేలియాకు చెందిన టోరెస్ జలసంధి దీవులకు చేరాడు. అప్పటికి రెండవ ప్రపంచ యుద్ధం మొదలగుట వలన అతనిని అక్కడ నిర్బంధించారు. 1956లో హాన్నెస్ లిండెమాన్ అనే వైద్యుడు మడత కయాక్‌లోనే అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటాడు.

ప్లాస్టిక్ వాడుక పెరిగిన తరువాత మరొక మార్గం ఏర్పడినది. గుడ్డ, చట్రములకు బదులు గట్టి పాలిథిన్ డొల్లను ముక్కలుగా పోతపోసి, ముక్కలను పట్టీలతో బిగించే కయాక్‌లు వచ్చాయి. మడత కయాక్ చుట్టుకుపోతుంది, ముక్కల కయాక్ విడిపోతుంది. రెండింటి ప్రయోజనం ఒకటే అయినా నిర్మాణం వేరు.

తెలుగునాట పోలికలు

పడవను విడదీయుట తెలుగువారికి కొత్త కాదు. కోస్తా జాలరుల తెప్ప కొన్ని తేలిక దుంగలను తాళ్ళతో కట్టి చేసినదే. వేట ముగిసి ఒడ్డుకు చేరిన తరువాత తాళ్ళు విప్పి, నీరు పీల్చిన దుంగలను విడివిడిగా ఆరవేయుట పరిపాటి. మరునాడు మళ్ళీ కట్టుకొని కెరటాలలోకి పోతారు. తాడు సడలితే ప్రాణం మీదికి వస్తుంది కనుక కట్టు విషయంలో జాలరులు ఎంతో జాగ్రత్త వహిస్తారు. ఈ పాఠం నేటి ప్లాస్టిక్ కయాక్‌కూ వర్తిస్తుంది.

రాయలసీమ నదులలో వాడుకలో ఉన్నది పుట్టి. దీనినే కొన్నిచోట్ల అరిగోలు అంటారు. వెదురు బద్దలతో గుండ్రని గంపలా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు టార్పాలిన్ లేక ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూస్తారు. విజయనగర కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్రలో ఇటువంటి తోలు పుట్టులను చూచి వర్ణించాడు. పుట్టి విడిపోదు గాని, ఒక మనిషి దానిని నెత్తిన బోర్లించుకొని మోయగలడు. అంటే మోయుట అనే సమస్యకు ఈ సీమ తనదైన పరిష్కారం ముందే కనుగొన్నది. పుట్టి గుండ్రంగా ఉండుట వలన లోతు తక్కువ నీటిలో కూడా తేలుతుంది, కాని తెడ్డు వేసినప్పుడు గిరగిర తిరుగుతుంది. కయాక్ పొడవుగా ఉండుట వలన నేరుగా సాగుతుంది. వల వేయుటకు పుట్టి మేలు, దూరం పోవుటకు కయాక్ మేలు.

నిర్మాణం

విడదీసే కయాక్‌లో సాధారణంగా మూడు భాగాలుంటాయి: ముక్కు, ఆసనం గల నడుమ భాగం, తోక. కొన్ని నమూనాలలో ఆసనం గల మరొక నడుమ భాగాన్ని చేర్చి ఒకరి పడవను ఇద్దరి పడవగా మార్చుకొనవచ్చును. ప్రతి భాగమూ రెండు వైపులా మూసి ఉన్న డొల్ల. అందువలన కీలు దగ్గర నీరు చేరినా పడవ మునగదు, ఒక భాగానికి చిల్లు పడినా తక్కినవి తేలుతూనే ఉంటాయి. పాలిథిన్ సాంద్రత నీటి కంటే కొంచెం తక్కువ, కనుక ఆ ప్లాస్టిక్ తనంతట తానే తేలుతుంది.

పడవ తేలుట ఆర్కిమెడిస్ సూత్రాన్ని అనుసరించి జరుగుతుంది. పడవ 25 కిలోలు, మనిషి 75 కిలోలు అనుకొంటే మొత్తం 100 కిలోలు. అది 100 లీటర్ల నీటిని తొలగించినప్పుడు తేలుతుంది. బరువు పెరిగిన కొద్దీ పడవ లోతుగా దిగి, అంచు నీటికి దగ్గరవుతుంది. కాబట్టి తయారీదారు సూచించిన బరువు పరిమితిని మించరాదు.

వేగం పడవ నీటిలో ఆనే పొడవుపై ఆధారపడుతుంది. స్థూలంగా, మీటర్లలో ఆ పొడవుకు వర్గమూలం కట్టి 4.5తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో గరిష్ఠ వేగం వస్తుంది. మూడు మీటర్లకు ఇది సుమారు 7.8, నాలుగు మీటర్లకు 9. మామూలు మనిషి అలసట లేకుండా గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోగలడు. ఎదురుగాలి ఉంటే ఇది సగానికి పడిపోవచ్చును.

కీలు - బలము, బలహీనత

ఒక భాగపు చివర ఉబ్బు, మరొక భాగపు చివర దానికి సరిపడే గుంట ఉంటాయి. రెండింటినీ కలిపి, పైనా పక్కలా ఉన్న పట్టీలను లాగి బిగిస్తారు. కొద్ది నిముషాలలో పని పూర్తవుతుంది.

అల శిఖరం పడవ నడుమకు వచ్చినప్పుడు ముక్కు, తోక కిందికి వంగుతాయి. అప్పుడు పై పట్టీలు లాగబడతాయి. రెండు అలల మధ్య పడవ నిలిచినప్పుడు నడుమ కిందికి దిగి, కీలు అడుగున విచ్చుకొనుటకు చూస్తుంది. రెండు రాళ్ళ మీద ఆనించిన పలక మధ్యలో నిలబడితే ఏమి జరుగునో ఇదీ అంతే. ఒకే ముక్క పడవలో ఈ ఒత్తిడిని డొల్ల అంతా పంచుకొంటుంది, విడదీసే పడవలో కీళ్ళే మోస్తాయి. అందువలన ఇది నిలకడ నీటికి, నెమ్మది ప్రవాహానికి తగినదే కాని, రాళ్ళ మధ్య ఉరికే వరద నీటికి తగదు.

కీలు మధ్య ఇసుక రేణువు ఉన్నా బిగింపు పూర్తి కాదు. పెన్నా ఒడ్డంతా ఇసుకే కనుక భాగాలను పట్టా మీద పెట్టి, కీలు ముఖాలను తడిగుడ్డతో తుడిచి బిగించవలెను. బిగించిన తరువాత ముక్కును పట్టి పైకెత్తి చూడవలెను. కీలు కదిలినా, చప్పుడు చేసినా విప్పి మళ్ళీ బిగించవలెను.

కడప జిల్లాలో నీరు

కర్ణాటకలోని నంది కొండలలో పుట్టిన పెన్నా నది జిల్లాలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా ప్రవహిస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ప్రొద్దుటూరు వద్ద ఇసుకే కనిపిస్తుంది. కాబట్టి పడవ నడుపుటకు జలాశయాలే ఆధారం.

గండికోట జలాశయం: దీని సామర్థ్యం 26.85 టీఎంసీలు. గాలేరు-నగరి సుజల స్రవంతి ద్వారా శ్రీశైలం నీరు ఇక్కడికి చేరుతుంది. 2020లో దీనిలో నీటి నిల్వను పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు, చామలూరు మొదలైన గ్రామాల ప్రజలు ఇళ్ళు విడిచి వెళ్ళవలసివచ్చినది. ఈ నీటి అడుగున వీధులు, గోడలు, చెట్లు ఉన్నాయి. నీటిమట్టం తగ్గినప్పుడు ఇవి పైకి కనిపించక, పడవ అడుగుకు తగిలేంత దగ్గరగా ఉండవచ్చును. పడవలో వెళ్ళేవారికి ఇది అందమైన సరస్సు. ఒడ్డున పునరావాస కాలనీలలో నివసించే వారికి మాత్రం ఇది తమ ఊరు. ఈ సంగతి మరువరాదు.

మైలవరం జలాశయం: గండికోటకు దిగువన జమ్మలమడుగుకు సమీపంలో ఉన్నది. ఎర్రమల కొండలను కోసుకొని పెన్నా ఏర్పరచిన ఎర్రరాతి లోయ గండికోట కోట పక్కనే కనిపిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో పర్యాటకులకు కయాకింగ్ పరిచయమైనది ఈ పరిసరాలలోనే. లోయ గోడల మధ్య గాలి గొట్టంలో దూరినట్లు వేగం పుంజుకొంటుంది. రెండు వైపులా నిటారు రాయి ఉన్నచోట ఒడ్డుకు చేరుటకు చోటు దొరకదు. ఎగువ నుంచి నీరు వదిలినప్పుడు ప్రవాహం హఠాత్తుగా మారుతుంది.

చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు: పులివెందుల ప్రాంతంలో లింగాల మండలం పార్నపల్లె వద్ద ఉన్నది. సామర్థ్యం సుమారు 10 టీఎంసీలు. 2022లో ఇక్కడ పడవల జెట్టీ ప్రారంభమైనది. ఇది తాగునీటికీ ఆధారమైనందున చెత్త, ప్లాస్టిక్ వేయరాదు.

వీటికి తోడు చారిత్రకంగా ఆసక్తి కలిగించేది కర్నూలు-కడప కాలువ. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దీనిని సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించి తవ్వించినది. రవాణా ఆశించినంతగా సాగలేదు. 1882లో ప్రభుత్వం కాలువను స్వాధీనం చేసుకొన్నది. ఇప్పుడిది సాగునీటి కాలువ మాత్రమే. నిటారు గట్లు, తూములు ఉన్న కాలువలలో కయాక్ నడుపుట ప్రమాదకరం.

నడుపు విధానం

వీపు నిటారుగా, మోకాళ్ళు కొద్దిగా వంచి కూర్చొనవలెను. తెడ్డు రెక్కను పాదాల దగ్గర నీటిలో ముంచి, తుంటి వరకు లాగి పైకి తీయవలెను. బలం చేతుల నుంచి కాక నడుము తిప్పుట నుంచి రావలెను. లేనిచో అరగంటలోనే భుజాలు నొప్పి పెడతాయి. పడవను ఎడమకు తిప్పుటకు కుడి వైపు తెడ్డును ముక్కు నుంచి తోక వరకు అర్ధచంద్రాకారంలో వేయవలెను. కుడికి తిప్పుటకు ఎడమ వైపు అట్లే చేయవలెను. ఆపుటకు రెండు వైపులా వెనుకకు పొట్టి తెడ్లు వేయవలెను.

తొలి పాఠం మాత్రం తిరగబడుట. నడుము లోతు నీటిలో, పక్కన ఈత వచ్చినవారు ఉండగా, కావాలని పడవను తిరగవేసి, బయటపడి, మళ్ళీ ఎక్కుట అలవాటు చేసుకొనవలెను. ఇది రానివారు ఒడ్డుకు దూరంగా పోరాదు.

భద్రత

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి అనేకమంది మరణించారు. అది పెద్ద మరపడవ, కయాక్ చిన్న చేతిపడవ. అయినా నీటికి ఆ భేదం లేదు. ముఖ్యమైన జాగ్రత్తలు:

* లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకొనుట కాదు, ఒంటికి తొడిగి పట్టీలు బిగించుకొనవలెను. ఈత వచ్చినవారికీ ఇది తప్పనిసరి.
* ఒంటరిగా పోరాదు. ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు తిరిగివచ్చేదీ ఇంట్లో చెప్పవలెను.
* జలాశయాలు ప్రభుత్వ ఆధీనంలో ఉంటాయి. స్థానిక అధికారుల అనుమతి తీసుకొని, నీటి విడుదల వివరం అడిగి తెలుసుకొనవలెను. ఆనకట్ట గేట్ల సమీపానికి పోరాదు.
* జాలరుల వలలకు గుర్తుగా తేలే ప్లాస్టిక్ సీసాలు, థర్మోకోల్ ముక్కలను దూరం నుంచే గమనించి తప్పుకొనవలెను. వల తెగితే నష్టం జాలరిది, తెడ్డు చిక్కుకుంటే ప్రమాదం నడిపేవారిది.
* నదిలో ఇసుక తవ్విన గుంతలు పైకి తెలియవు. మోకాటి లోతు నీరు ఒక్క అడుగులో తల మునిగే లోతు కావచ్చును.
* వరద కాలంలో నదిలోకి దిగరాదు. 2021 నవంబరు 19న పెన్నా ఉపనది చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. ఆ వరదల్లోనే కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలినది. నెలల తరబడి ఎండి ఉండే నదులు ఒక్క రాత్రిలో ఎంతగా మారునో దీనివలన తెలుస్తుంది.

సంరక్షణ

కడప ఎండ పాలిథిన్‌కు పెద్ద శత్రువు. వేసవిలో 40 డిగ్రీలు దాటిన వేడిలో మిద్దె మీద వదిలిన పడవ మెత్తబడి, ఆనిన చోట సొట్టపడుతుంది. ముక్కల పడవలో ఈ సొట్ట కీలు దగ్గర పడితే భాగాలు సరిగా కలవవు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు క్రమంగా ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తాయి. కనుక నీడలో, కీలు ముఖాలపై బరువు పడకుండా, పట్టీలు వదులు చేసి దాచవలెను. ప్రతి విహారం తరువాత మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను. పట్టీలను ఏటా పరీక్షించి, నలిగినవాటిని మార్చవలెను. కీలు దగ్గర పగులు కనిపించిన భాగాన్ని అతికించి వాడుట కంటే మార్చుట మంచిది.

లాభనష్టాలు

విడదీసే కయాక్ ఒక్కొక్క భాగం ఒక మనిషి మోయగలిగేంత బరువే ఉంటుంది. మెట్ల కింద, గది మూలలో ఇముడుతుంది. ఆటోలో లేక చిన్న ట్రాలీలో నీటి వరకు చేర్చవచ్చును. పడవ మీద ఇనుప చట్రం అక్కరలేదు, కారు పైకప్పూ అక్కరలేదు. అయితే అదే పొడవు గల ఒకే ముక్క పడవ కంటే ఇది కొంత బరువు, కొంత నెమ్మది. చెడిపోయే చోట్లు కూడా ఎక్కువ. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే నీటికి పోయేవారు అద్దె పడవ వాడుట తెలివైన పని. నీరు ఇంటి పక్కనే ఉన్నవారికి ఒకే ముక్క పడవ మేలు. నీటికి దూరంగా, ఇరుకు ఇంట్లో ఉంటూ తరచుగా విహరించదలచిన వారికే విడదీసే కయాక్ సార్థకము.

ఇవి కూడా చూడండి

* పుట్టి
* తెప్ప
* పెన్నా నది
* గండికోట
* మైలవరం జలాశయం
* కర్నూలు-కడప కాలువ