ఇంట కూర్చుకొను కంప్యూటరునకు ఎంత క్యాబినెట్టు కావలెను?

మన పాఠశాల పై తరగతుల పిల్లలు కొందఱు భాగములను విడివిడిగా తెచ్చుకొని ఇంటియందే కంప్యూటరును అమర్చుకొన నుత్సహించుచున్నారు. ఇది మెచ్చదగిన పూనికయే. అయితే అంగడిలో అద్దపు తలుపును, రంగు దీపములను చూచి ముందుగా క్యాబినెట్టును కొని, పిదప తక్కిన వస్తువులు అందు పట్టక చిక్కుపడువారు కలరు. సొమ్ము వెచ్చించువారు తలిదండ్రులు కావున ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలచితిమి.

పాదమును కొలిచిన పిదపనే చెప్పు నెన్నుకొందుము. ఇచ్చట పాదము వంటిది మదర్‌బోర్డు. వాడుకలో ముఖ్యముగా మూడు కొలతలు గలవు. 1995లో ఇంటెల్ సంస్థ వెలువరించిన ఏ.టి.ఎక్స్. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గలది. 1997లో వచ్చిన మైక్రో ఏ.టి.ఎక్స్. ప్రక్కకు 244 మి.మీ. చొప్పున చదరము. 2001లో వయా సంస్థ తెచ్చిన మినీ ఐ.టి.ఎక్స్. 170 మి.మీ. చదరము. అదనపు కార్డులకు మొదటిదానియందు 7, రెండవదానియందు 4 చోట్ల వఱకు ఉండవచ్చును, మూడవదానియందు ఒక్కటియే. మరలు బిగించు రంధ్రములు చాలవఱకు ఒకే తీరున నుండుటచే పెద్ద క్యాబినెట్టులో చిన్న బోర్డు సాధారణముగా ఇముడును. చిన్నదానిలో పెద్ద బోర్డు ఇమడదు.

బోర్డు పట్టినంతమాత్రమున పని ముగియదు. గ్రాఫిక్స్ కార్డు పొడవును, ప్రాసెసరుపై నిలుచు కూలరు ఎత్తును, ఎస్.ఎమ్.పి.ఎస్. రకమును చూడవలెను. 300 మి.మీ. మించిన కార్డులును, 160 మి.మీ. ఎత్తుగల కూలర్లును కలవు. మిక్కిలి చిన్న క్యాబినెట్లు కొన్నింటికి ఎస్.ఎఫ్.ఎక్స్. అను చిన్న ఎస్.ఎమ్.పి.ఎస్. కావలెను, అది సాధారణముగా ప్రియము. క్యాబినెట్టు ఎంత పొడవు, ఎంత ఎత్తు వఱకు సహించునో దాని వివరపత్రమున నుండును.

ఇక వేడిమి సంగతి. ముందువైపు నుండి చల్లగాలి లోనికి వచ్చి, వెనుకనుండి వేడిగాలి వెడలిపోవలెను. ముందుభాగము అద్దముతో మూసికొనిపోయినచో పెద్ద పెట్టె యైనను ఉడుకును. జల్లెడవంటి ముఖము గలది మేలు. గోడకు ఆనించియు, అలమారలో బంధించియు ఉంచరాదు. దుమ్ము వడగట్టు జాలిని అప్పుడప్పుడు దులుపవలెను.

పాఠములు చదువుకొనుటకు, తెలుగున వ్రాసికొనుటకు, ప్రోగ్రాములు నేర్చుకొనుటకు మైక్రో ఏ.టి.ఎక్స్. చాలునని మా అభిప్రాయము. బల్లక్రింద ఒదుగును, మరమ్మతునకు చేయి పట్టును. చిత్రములు చూపు శక్తి ప్రాసెసరులోనే ఉన్నచో వేఱు గ్రాఫిక్స్ కార్డు అక్కఱలేదు. ఇంట చోటు మఱీ తక్కువైనప్పుడే మినీని కోరుడు. అనేక కార్డులు, డిస్కులు పెట్టదలచినవారికి పెద్దది తగును.

బోర్డు, ప్రాసెసరు పాతబడును గాని ఇనుప పెట్టె అంత త్వరగా పాతబడదు. నేడు అన్నకు కొన్నదానిలోనే కొన్నేండ్లకు చెల్లెలికి క్రొత్త బోర్డు బిగింపవచ్చును. కావున రంగు దీపములకు పెట్టు సొమ్మును మంచి ఎస్.ఎమ్.పి.ఎస్.కు మళ్లింపుడు, క్యాబినెట్టుతో చౌకగా కలిపి యిచ్చుదానిని నమ్ముట మంచిది కాదు, అది చెడినచో తక్కిన భాగములకును చేటు తేవచ్చును.

అంగడికి పోవుటకు ముందు పిల్లలతో కూర్చుండి బోర్డు, కార్డు, కూలరు, ఎస్.ఎమ్.పి.ఎస్.ల కొలతలను ఒక కాగితముపై వ్రాయించి, ఆ కాగితమును వెంట గొనిపొండు. సందేహ మున్నయెడల దానిని పాఠశాలకు తెచ్చినచో మేమును చూచి చెప్పుదుము.