చేనుకైనా పడవకైనా... ఆ చప్పుడే ప్రాణం!

డుగ్... డుగ్... డుగ్...

ఒకప్పుడు వీరపునాయునిపల్లె చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారుజామున కోడికంటే ముందే కూసేది ఆయిలింజనే. ఆ చప్పుడు వినిపిస్తోందంటే చేను తడుస్తున్నట్టు. ఉన్నట్టుండి ఆగిందంటే ఇంటిల్లిపాదికీ గుబులే. పూత మీదున్న వేరుశనగకు తడి తప్పితే ఆ ఏడు అప్పు తీరదు మరి!

తెరచాప పడవ కడుపులోనూ ఉండేది ఇలాంటి డీజిలు ఇంజనే. గాలి వీస్తున్నంతసేపూ పని తెరచాపది. గాలి పడిపోయినా, రేవులోకి జాగ్రత్తగా చేరాలన్నా ఇంజను ఉండాల్సిందే. సీమ రైతుకు వాన ఎలాగో నావికుడికి గాలి అలాగ. అది మొహం చాటేసిన రోజున ఇద్దరికీ ఇంజనే దిక్కు. అందుకే దాన్ని కాపాడుకునే పద్ధతులూ ఇద్దరివీ దాదాపు ఒకటే.

వేరుశనగ నూనెతో నడిచింది!

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఓ చిన్న డీజిలు ఇంజను నడిచింది దేంతోనో తెలుసా? వేరుశనగ నూనెతో! ఇంగ్లండ్‌లోని లిస్టర్ కంపెనీ పొలాలకూ, పడవలకూ ఇంజన్లు చేసింది. మన దేశంలో 1946లో ఏర్పడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పేరు బావిగట్ల మీద బాగా వినిపించింది.

ఇందులో పెట్రోలు ఇంజనులోలా ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పదహారు నుంచి ఇరవై రెట్లు నొక్కేసరికి అది ఐదారు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిలును సన్నని తుంపరలా చల్లుతుంది. భగ్గుమంటుంది. అంతే! గాలి, డీజిలు, ఆయిలు, నీళ్లు... ఈ నాలుగూ శుభ్రంగా అందితే ఇంజను ఏళ్ల తరబడి మొరాయించదు.

ఎయిర్ పట్టిందా?

నిన్నటిదాకా బాగా నడిచిన ఇంజను ఇవాళ ఎంత తిప్పినా అందుకోవడం లేదంటే మెకానిక్కు మొదట అనే మాట ఇదే. ట్యాంకు అడుగంటినా, గొట్టం బిగింపు వదులైనా డీజిలు దారిలోకి గాలి జొరబడుతుంది. డీజిలు నొక్కితే నలగదు, గాలి నలిగిపోతుంది. దాంతో పంపు ఎంత నెట్టినా నాజిల్ తెరుచుకోదు. ఫిల్టరు మీది స్క్రూ కాస్త వదులు చేసి, బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చేదాకా చేతిపంపు కొట్టాలి. స్క్రూ బిగించాక నాజిల్ దగ్గరి నట్టుకూ ఇదే వైద్యం. నడిసంద్రంలో పడవవాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే.

హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. చుట్టూ బిగించి పట్టుకున్నప్పుడు ఇంజను ఎదురు తన్నిందా... వేలో, మణికట్టో విరుగుతుంది.

ప్రాణం నీళ్లే... శత్రువూ నీళ్లే

బావిగట్టున చాలాచోట్ల ఇంజను తోడిన నీళ్లలోంచే ఓ పాయ ఇంజనును చల్లబరిచేది. ఫుట్‌వాల్వు కారిపోతే పంపుకు నీళ్లు అందవు, ఇంజను కాగిపోతుంది. అందుకే పేడనీళ్లు పోసి ఎక్కించేవారు. చవక నీళ్లయితే లోపల సున్నం పొరలా పేరుకుంటుంది. పడవలో ఉప్పునీటిని లాగడానికి రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. నీళ్లు అందకుండా కాసేపు తిరిగినా అది చెడిపోతుంది. అందుకే ఇంజను స్టార్టు చేయగానే నావికుడు పడవ వెనక్కి వంగి చూస్తాడు, పొగగొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయా లేదా అని.

అదే నీరు డీజిల్లో కలిస్తే తుప్పు, నాచులాంటి మడ్డి. ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టదు. అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదిలేయాలి. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులోకి నీళ్లు దిగినట్టే. ఇంజనును వెంటనే ఆపేయాలి.

పొగ చెప్పే కబుర్లు

నల్లపొగ... బరువు ఎక్కువైంది, లేదా గాలి ఫిల్టరు పూడింది, లేదంటే నాజిల్ చెడింది.

నీలంపొగ... ఇంజను ఆయిలు మండుతోంది. రింగులు అరిగాయేమో చూడాలి.

తెల్లపొగ... డీజిలు సరిగా మండడం లేదు, లేదా సిలిండరులోకి నీరు చేరింది.

బావులు ఎండాయి...

పైనుంచి పీల్చే పంపు ఏడెనిమిది మీటర్ల లోతుకు మించి నీళ్లు లాగలేదు. భూగర్భజలాలు అడుగంటి, బోర్లు లోతుకు పోయాక సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు అందింది. ఆయిలింజన్లు మూలపడ్డాయి. చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్కులూ తగ్గిపోయారు.

సముద్రంలో మాత్రం ఆ విద్య లేకపోతే గడవదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘తారిణి’ తెరచాప నౌకలో భూమిని చుట్టడానికి బయల్దేరిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. 2018 మే 21న తిరిగొచ్చారు. దారిలో స్టీరింగ్ చెడితే మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. రేవు వందల మైళ్ల దూరంలో ఉన్నప్పుడు మెకానిక్కు కోసం కబురు పెట్టలేం. ఉన్నవాళ్లే మెకానిక్కులు కావాలి.

అర్ధరాత్రి బావిగట్టున లాంతరు పెట్టుకుని నట్టు వదులుచేసిన సీమ రైతుదీ అదే పరిస్థితి. మీ చేలో పాత ఇంజను ఇంకా ఉంటే పాత ఇనుముకు వేసేముందు ఓసారి ఫ్లైవీలు తిప్పి చూడండి. తిరిగితే ప్రాణం ఉన్నట్టే. దాని గుట్టు తెలిసిన పెద్దాయన ఊళ్లో ఉండగానే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.